గొంగళిపురుగుల వలగూడు: పర్లాకిమిడి వైపు ఎంతవరకు పనికొస్తుంది?

ఆన్‌లైన్‌ అంగళ్ళలో ‘బటర్‌ఫ్లై కేజ్‌’ అని కొడితే ముందు వరసలో వచ్చేది ఈ మడత వలగూడే. స్ప్రింగు తీగ రింగుల మీద సన్నటి వల బిగించి, ముందువైపు జిప్పు తలుపు, పైన తగిలించుకోడానికి చిన్న లూపు కుట్టి అమ్ముతారు. రకరకాల పేర్లతో వస్తుంది గానీ సరుకు దాదాపు ఒకటే. నాలుగు పక్కలా 30 సెంటీమీటర్లు ఉండేది చిన్నది. 40×40 అడుగుభాగం, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉండేది పెద్దది. ఇక్కడ రాసేది పెద్దదాని గురించి. చిన్నది కొనొద్దు, కారణం కింద వస్తుంది.

విషయం ముందే చెప్పేస్తాను. పురుగు రెండు సెంటీమీటర్లు దాటాక, అది ప్యూపా (మేత మాని గట్టి తొడుగులో ఉండే దశ) కట్టి రెక్కలతో బయటికొచ్చేదాకా, ఈ గూడు మంచి సామాను. గుడ్డు పగిలిన మొదటి వారం రోజులకి మాత్రం శుద్ధ దండగ. దీన్ని తిట్టుకునేవాళ్ళు ఎక్కువమంది ఆ మొదటి వారంలోనే దీన్ని వాడి ఉంటారు.

కిట్టు పేరుతో కొంటే గూడుతోపాటు ప్లాస్టిక్‌ పట్టకారు, డ్రాపరు, భూతద్దం, ఒక్కోసారి ప్లాస్టిక్‌ పువ్వు కూడా వస్తాయి. వీటిలో పనికొచ్చేది భూతద్దం ఒక్కటే, గుడ్లు చూడ్డానికి. పట్టకారుతో పురుగుని పట్టుకుంటే దాని ఒళ్ళు చితికిపోతుంది. పుస్తకాల దుకాణంలో దొరికే 2వ నంబరు డ్రాయింగు బ్రష్షు దానికంటే నయం. కిట్టులో వచ్చే ఇంగ్లీషు కాగితంలో సాధారణంగా పెయింటెడ్‌ లేడీ అనే జాతి గురించి ఉంటుంది. అమెరికాలో ఆ పురుగుల్ని మేతడబ్బాతో సహా పోస్టులో పంపుతారు. మనకి అలాంటి డబ్బా అక్కర్లేదు. ఆ కాగితం పక్కన పెట్టి పెరట్లో నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నిమ్మ, కరివేపాకు మీద పెరిగే రెండు జాతులు సరిపోతాయి. ఒకటి నిమ్మ సీతాకోకచిలుక, పాపిలియో డెమోలియస్‌. రెండోది కామన్‌ మార్మన్‌, పాపిలియో పాలిటిస్‌. రెండింటి పురుగులూ చిన్నప్పుడు పిట్టరెట్టలాగే ఉంటాయి, గోధుమ నలుపు ఒంటి మీద తెల్లటి మచ్చతో. నాలుగోసారి కుబుసం విడిచి ఐదో దశకి రాగానే ఒక్కసారిగా ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనకనుంచి కమలారంగు లేదా ఎర్రటి కొమ్ముల జంట బయటికి తీసి ఘాటైన వాసన వదులుతాయి. పిల్లలు దాన్ని చూసి జడుసుకుంటారు గానీ దానివల్ల మనిషికి ఏమీ కాదు. నిమ్మజాతికి బత్తాయి, నారింజ, మారేడు, బావంచ ఆకులు కూడా పనికొస్తాయి. మార్మన్‌లో ఇంకో తమాషా ఉంది. ఆడవాటిలో మూడు రూపాలుంటాయి. ఒకటి మగదానిలాగే ఉంటుంది. మిగతా రెండూ విషపు జాతులైన కామన్‌ రోజ్‌, క్రిమ్సన్‌ రోజ్‌ల వేషం వేస్తాయి. ఒకే కరివేపాకు మొక్క మీద ఏరిన పురుగుల్లోంచి ఎర్ర మచ్చలున్నది వచ్చిందంటే వేరే జాతి కలిసిందని కంగారుపడక్కర్లేదు.

గెడ్డల పక్కన, రైలు కట్టల మీద జిల్లేడుకి మనకి కొదవ లేదు. దాని మీద తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, మూడు జతల నల్లటి మీసాల్లాంటివి ఉన్న పురుగు కనిపిస్తే అది ప్లెయిన్‌ టైగర్‌. ఎదుగుదల చాలా వేగం. ఎండాకాలంలో గుడ్డు నుంచి సీతాకోకచిలుక దాకా మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. గన్నేరు మీద నాలుగు జతల మీసాలతో ఉండేది కామన్‌ క్రో. దాని ప్యూపా వెండి పూత పూసినట్టు మెరుస్తుంది, పిల్లలకి చూపించడానికి అంతకంటే మంచిది లేదు. కాకపోతే జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు మొత్తం మొక్కే విషం. ఈ రెండు ఆకులూ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఇంకే పనీ చెయ్యకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో నిమ్మపురుగులతోనే సరిపెట్టుకోవడం మేలు.

మునగచెట్టు మొదట్లో గుంపులుగా అతుక్కుని ఉండే బొచ్చుపురుగుల జోలికి మాత్రం పోవద్దు. కొబ్బరాకు కింద, అరటి మీద ఉండే ఆకుపచ్చ ముళ్ళ పురుగు కూడా అంతే. బొచ్చు గుచ్చుకున్నచోట గోకకుండా ముందు సెల్లోటేపు అంటించి లాగేస్తే చాలా మటుకు వచ్చేస్తుంది, ఆ తర్వాత కడగాలి. ఈశ్వరి తీగ మీద ఎర్రటి బుడిపెలతో ఉండే నల్లటి పురుగుల్నీ చెట్టుమీదే వదిలెయ్యండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని సీతాకోకచిలుకలకి రక్షణ ఇచ్చింది, పేరు పోల్చుకోలేని పురుగుని ఇంటికి తేకపోవడమే మంచిది.

ఇక అసలు కిటుకు. చెట్టు మీద పచ్చగా బలిసిన పురుగుని ఏరి తెచ్చి గూట్లో వేస్తే సీతాకోకచిలుక వస్తుందన్న నమ్మకం లేదు. బయట తిరిగిన పురుగుల్లో చాలావాటికి అప్పటికే పరాన్నజీవి కందిరీగలో, ఈగలో లోపల గుడ్లు పెట్టేసి ఉంటాయి. పురుగు మామూలుగానే తింటుంది, పెరుగుతుంది. చివర్లో పక్కలనుంచి తెల్లటి చిన్న గూళ్ళు పుట్టుకొస్తాయి, లేదంటే ప్యూపాకి సూదిబెజ్జం పడి అందులోంచి చిన్నచిన్న కందిరీగలు వస్తాయి. గూడు కొన్న వారానికే ఇలా జరిగితే తప్పు గూడు మీద పడుతుంది. అందుకే గుడ్డునుంచి మొదలుపెట్టాలి. నిమ్మ కొత్త చిగురు వేసినప్పుడు పొద్దున తొమ్మిది, పది గంటలకి చూడండి. సీతాకోకచిలుక చిగురు మీద రెక్కలాడిస్తూనే పొట్ట వంచి ఒక్కో గుడ్డూ విడివిడిగా అంటించి పోతుంది. లేతపసుపు రంగులో, మిల్లీమీటరు మేర, గుండ్రంగా ఉంటుంది. ఆకుతో సహా తుంచి తేవాలి. గుడ్డుని గీకి తీయకూడదు. మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది. పగలబోయే ముందు రంగు ముదురుతుంది. మొత్తం నల్లబడి అలాగే ఉండిపోతే ఆ గుడ్డులోనూ పరాన్నజీవి ఉన్నట్టే.

ఈ గుడ్లని వలగూట్లో పెట్టొద్దు. రెండు మిల్లీమీటర్ల పురుగుని 40×40×60 గూట్లో వదిలితే దాన్ని మళ్ళీ కనిపెట్టడం ఎవరివల్లా కాదు. అంతకంటే ముఖ్యం, వలలోంచి నాలుగు వైపులా గాలి ఆడి తుంచిన చిగురు పూటకే వడలిపోతుంది. లేతపురుగు వడలిన ఆకు కొరకలేదు. మూతబిగువున్న అరలీటరు ప్లాస్టిక్‌ డబ్బా, స్వీటు షాపుల్లో ఇచ్చేదైనా సరే, బాగా కడిగి ఆరబెట్టి అడుగున టిష్యూ కాగితం వేసి అందులో పెంచాలి. మూతకి బెజ్జాలు అక్కర్లేదు. రోజుకోసారి మూత తీసి రెట్ట పారబోసి, కాగితం మార్చి, తాజా ఆకు వేస్తే ఆ గాలి చాలు. ఆకులు కడిగాక తడి పూర్తిగా ఆరాలి. డబ్బా గోడకి చెమట పడితే మూత కాసేపు తెరిచి ఉంచాలి. నీటి బొట్టులో చిన్నపురుగు మునిగి చస్తుంది. పాత ఆకు మీద పురుగు అతుక్కుని ఉంటే దాన్ని ఊడబెరకకుండా ఆ ముక్కవరకు కత్తిరించి కొత్త ఆకు మీద పెట్టండి. అదే నడిచి వెళ్తుంది.

ఏ పురుగైనా పొద్దంతా కదలకుండా, తల కాస్త ఉబ్బినట్టుగా కూర్చుందంటే అది కుబుసం విడవబోతోంది. పట్టుపురుగుల రైతులు ‘జ్వరానికి పోయింది’ అనేది దీన్నే. ఒక రోజు, ఒక్కోసారి ఒకటిన్నర రోజు అలాగే ఉంటుంది. కాళ్ళకింద పట్టు దారంతో అల్లుకున్న మెత్త ఉంటుంది, దాన్ని పట్టుకునే పాత తోలులోంచి ముందుకి జారుతుంది. చచ్చిపోయిందేమోనని బ్రష్షుతో పొడిస్తే ఆ పట్టు జారి, తోలు సగంలో ఇరుక్కుని నిజంగానే చస్తుంది. మొత్తం నాలుగుసార్లు ఇలా కుబుసం విడిచి ఐదో దశకి వస్తుంది.

నాలుగో దశలో, అంటే రెండు సెంటీమీటర్లు దాటాక, వలగూట్లోకి మార్చాలి. అప్పటినుంచి గూడు డబ్బులకి తగ్గ పని చేస్తుంది. పెద్దపురుగు తినేదీ ఎక్కువే, విసర్జించేదీ ఎక్కువే. మొత్తం మేతలో సింహభాగం చివరి నాలుగైదు రోజుల్లోనే పోతుంది. మూసిన డబ్బాలో అంత రెట్ట ఒక పూట ఉంటే బూజు పట్టి రోగం తెస్తుంది. వలగూట్లో అది వెంటనే ఎండి గింజకడుతుంది. అడుగున పాత పేపరు పరిచి రోజూ మార్చేస్తే శుభ్రం అయిపోతుంది. పెద్ద గూట్లో ఐదారు పురుగులు హాయిగా పెరుగుతాయి. పది దాటితే ఆకు ఎంత వేసినా చాలదు, పైగా ఒకదానికి రోగం వస్తే అన్నింటికీ అంటుతుంది.

మేతకి కుండీ మొక్కనే గూట్లో పెట్టడం అన్నింటికంటే మంచి పద్ధతి. అరవై సెంటీమీటర్ల ఎత్తులో చిన్న కుండీ, పైన జానెడు కరివేపాకు మొక్క పట్టేస్తాయి. రెండు కుండీలుంటే ఒకటి గూట్లో, ఒకటి బయట చిగురిస్తూ ఉంటుంది. కొమ్మలు పెట్టేవాళ్ళు మందు సీసాలాంటి ఇరుకుమూతి సీసాలో నీళ్ళు పోసి కొమ్మ గుచ్చి, మూతి చుట్టూ దూది బిగించాలి. ఈ దూది మరిచిపోతే పురుగు కొమ్మ పట్టుకుని కిందికి దిగి నేరుగా నీళ్ళలో పడుతుంది. సీసా ఒరిగిపోకుండా కింద ఒక పెంకు ముక్క పెట్టండి. గూటి అడుగు వట్టి గుడ్డే, బల్లలా గట్టిగా ఉండదు. వరండా గాలికి గూడే దొర్లిపోతుంది కాబట్టి ఆ పెంకు బరువు దానికీ పనికొస్తుంది.

ఆకు ఎక్కడిది అన్నది గూడు ఏ కంపెనీది అన్నదానికంటే వంద రెట్లు ముఖ్యం. బజారు కరివేపాకు వాడొద్దు, ఎన్నిసార్లు కడిగినా సరే. మందు కొట్టిన ఆకు తిన్న పురుగు పచ్చటి ద్రవం కక్కుతుంది, మెలికలు తిరుగుతుంది, కొన్ని గంటల్లో పోతుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కతో కూడా ఇదే బెడద. వేళ్ళకి పోసిన మందు ఆకులోకి ఎక్కి వారాల తరబడి ఉంటుంది, అది కడిగితే పోయేది కాదు. పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఒడియా నర్సరీలో ‘భృసంగ’ అని అడిగితే కరివేపాకు మొక్క ఇస్తారు. మందు కొట్టారా లేదా అని అడగడంతోపాటు, తెచ్చాక కొత్త చిగురు రెండు విడతలు వచ్చేదాకా ఆగి, ముందు ఒక్క పురుగుని వదిలి చూడండి. అది రెండు రోజులు తిని బాగుంటే మిగతావాటిని వదలొచ్చు. గూడున్న గదిలో దోమల చక్రం, ప్లగ్గులో పెట్టే దోమల మందు, చీమల చాక్‌పీసు ఏవీ వాడకూడదు. ఇవన్నీ పురుగుల మందులే. దోమల్ని చంపేది గొంగళిపురుగుని ముద్దు చెయ్యదు కదా.

గూటి పనితనం దగ్గరికి వద్దాం. వల సన్నదే, ఈగలు దూరవు. కానీ ప్యూపాల్లో గుడ్లు పెట్టే టెరోమేలస్‌ కందిరీగ రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది, ఒళ్ళు సన్నం. వల కన్ను మిల్లీమీటరు దాకా ఉంటే దూరిపోతుంది. ఈ కందిరీగకి అప్పుడే కట్టిన మెత్తటి ప్యూపా కావాలి. కాబట్టి పురుగు ప్యూపా కట్టే రెండు రోజులూ గూటిమీద పాత నూలు చీర ముక్క కప్పితే చాలు, ప్యూపా గట్టిపడ్డాక ఆ భయం బాగా తగ్గుతుంది. కొన్ని రకాలకి ఒక పక్క వల బదులు పారదర్శక ప్లాస్టిక్‌ షీటు ఉంటుంది. లోపల బాగా కనిపిస్తుంది, ఫొటోలకి బాగుంటుంది. కానీ ఎండ తగిలితే ఆ వైపు ఉడికిపోతుంది. నాలుగు వైపులా వల ఉన్నదే తీసుకోండి.

దీనిలో నాసిరకం భాగం జిప్పు. రెండు వరసలు కలిసే మూలలో, రన్నరు ఎంత చివరికి లాగినా, అగ్గిపుల్ల తల పట్టేంత సందు మిగిలిపోతుంది. చీమలు అక్కడినుంచే వస్తాయి. లోపలివైపు ఆ మూలలో చిన్న దూది ఉండ కుక్కి పైన సూదితో రెండు కుట్లు వేస్తే సరి. ఇంకో చిక్కు, పురుగులకి ఆ జిప్పు గాడి అంటే మహా ఇష్టం. ప్యూపా కట్టడానికి ఊతం వెతుక్కుంటూ వచ్చి జిప్పు అంచునే ఎంచుకుంటాయి. చూడకుండా తలుపు లాగితే అది నడుము చుట్టూ కట్టుకున్న పట్టు దారం తెగి ప్యూపా ఊగులాడుతుంది, లేదా రన్నరు కింద పడి నలిగిపోతుంది. తలుపు తీసేముందు జిప్పు పొడవునా లోపలా బయటా ఒకసారి చూడ్డం అలవాటు చేసుకోవాలి. లోపల నాలుగైదు కొబ్బరి ఈనెలో ఎండుపుల్లలో ఏటవాలుగా పెడితే చాలావరకు అటే పోతాయి.

చీమల సంగతి ఇంకాస్త చెప్పాలి. దూది పెట్టినా వల గుండా ఎర్రచీమ వస్తుంది. పూర్వం కూరల అలమర కాళ్ళ కింద నీటి గిన్నెలు పెట్టినట్టే ఇక్కడా చెయ్యాలి. నాలుగు కాళ్ళ స్టూలు మీద గూడు పెట్టి, కాళ్ళు నాలుగు నీళ్ళ గిన్నెల్లో ఉంచి, గూడు ఏ గోడకీ కర్టెనుకీ తగలకుండా చూసుకోవాలి. నీళ్ళలో దోమ గుడ్లు పెట్టకుండా వారానికి రెండుసార్లు మార్చండి, లేదా చెంచాడు వంటనూనె వెయ్యండి. పైన లూపుతో తగిలిస్తే అందంగా ఉంటుంది గానీ చీమలు ఆ తాడు పట్టుకునే దిగుతాయి. బల్లులు వలకి బయట అతుక్కుని లోపలివాటి కోసం కాచుకుంటాయి. రాత్రిపూట గూటిమీద లైటు వెలగనివ్వకపోతే అవి అంతగా రావు.

మన వాతావరణానికి ఈ గూడు వానాకాలంలో బాగా సరిపోతుంది. మహేంద్రగిరి వైపునుంచి మబ్బు దిగి నాలుగు రోజులు ముసురు పట్టినా గూట్లో బూజు పట్టదు, గాలి ఆడుతుంది కనక. జల్లు మాత్రం తగలకూడదు. ఏప్రిల్‌, మే నెలల్లో గుణుపురం, రాయగడ వైపు 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఇదే గాలి శత్రువు అవుతుంది. సీసాలో పెట్టిన కొమ్మ కూడా మధ్యాహ్నానికి వేలాడిపోతుంది. అప్పుడు రెండు పక్కలా తడిపి పిండిన గుడ్డ వేసి, నీళ్ళు కారకుండా చూసుకుంటూ, ఇంట్లో చల్లటి మూల పెట్టాలి. చలికాలంలో మేత మామూలే గానీ ప్యూపా ఆలస్యం అవుతుంది. ఎండల్లో ఎనిమిది, పది రోజుల్లో తెరుచుకునేది డిసెంబరులో వారాలు పట్టొచ్చు. చచ్చిందనుకుని పారెయ్యొద్దు. చచ్చిన ప్యూపా నల్లగా మెత్తబడి వాసన వేస్తుంది. బతికున్నది బరువు తగ్గకుండా, మెల్లగా తాకితే కొంచెం మెలి తిరుగుతూ ఉంటుంది. రెక్కల గీతలు బయటికి కనిపిస్తూ నల్లబడితే అది చావు కాదు, మర్నాడు పొద్దున బయటికి వస్తుందని గుర్తు.

ప్యూపా కట్టబోయే ముందు నిమ్మపురుగు నీళ్ళలాంటి రెట్ట వేస్తుంది. కొత్తవాళ్ళు విరేచనాలని భయపడతారు. పొట్ట ఖాళీ చేసుకుంటోందంతే. తర్వాత ఆగకుండా గూడంతా తిరుగుతుంది. చోటు కుదిరాక తోక దగ్గర పట్టు మెత్త అల్లి, నడుము చుట్టూ దారం వేసుకుని, తల పైకి ఉండేలా వెనక్కి వాలి కూర్చుంటుంది. మర్నాటికి చర్మం విడుస్తుంది. పచ్చటి కొమ్మ మీదైతే ప్యూపా పచ్చగా, ఎండుపుల్ల మీదైతే గోధుమరంగులో వస్తుంది. జిల్లేడు, గన్నేరు జాతులకి నడుము దారం ఉండదు, తలకిందులుగా వేలాడతాయి. వలకప్పు వాటికి సరిగ్గా సరిపోతుంది. నిమ్మ ప్యూపా ఊడి కింద పడితే గట్టి కాగితంతో చిన్న పొట్లం చుట్టి, తల పైకి వచ్చేలా అందులో నిలబెట్టి, పొట్లాన్ని లోపలి వలకి గుండుసూదితో గుచ్చండి. పక్కనే పట్టుకుని ఎక్కడానికి గరుకైన వల ఉండాలి.

ఈ గూటికి కుదరనిది నందివర్ధనం మీద పెరిగే లావుపాటి పచ్చ పురుగు. మెడ దగ్గర నీలం కళ్ళలాంటి గుర్తులుంటాయి, ఒలియాండర్‌ హాక్‌ మాత్‌ అంటారు. చూడముచ్చటగా ఉంటుంది, చాలామంది దాన్నే ముందు పెంచుదామనుకుంటారు. అది వలకి వేలాడదు. నేలకి దిగి ఎండాకుల కింద దూరి ప్యూపా అవుతుంది. వల అడుగున తిరిగి తిరిగి నీరసించిపోతుంది. ఒళ్ళు ఎర్రగా, ముదురు గోధుమరంగులోకి మారగానే తీసి, నాలుగు వేళ్ళ మందం కొద్దిపాటి చెమ్మున్న మట్టీ ఎండాకులూ నింపిన ప్లాస్టిక్‌ టబ్బులోకి మార్చాలి. బయటికొచ్చే ముందు ఆ టబ్బునే వలగూట్లో పెడితే మాత్‌ గోడ ఎక్కి రెక్కలు చాచుకుంటుంది.

చిన్న గూడు ఎందుకు వద్దన్నది ఇక్కడ తెలుస్తుంది. నిమ్మ సీతాకోకచిలుక రెక్కలు చాస్తే 8 నుంచి 10 సెంటీమీటర్లు. బయటికొచ్చినప్పుడు రెక్కలు నలిగిన గుడ్డలా ఉంటాయి. వెంటనే పైకెక్కి వేలాడితేనే పొట్టలోని ద్రవం రెక్కల నరాల్లోకి ఎక్కి అవి చదునుగా సాగుతాయి. అరగంటలోపు సాగాలి, ఆ తర్వాత గట్టిపడతాయి. 30 సెంటీమీటర్ల గూట్లో సీసా, కొమ్మలు పెట్టాక మిగిలిన జాగాలో రెక్క దేనికో తగిలి వంకర అయిపోతుంది. ఒకసారి వంకరైన రెక్క మళ్ళీ బాగుపడదు. కాబట్టి ప్యూపాల రంగు మారగానే ఆకుల సీసా తీసేసి గూడు ఖాళీగా ఉంచండి. బయటికొచ్చినవి కాసేపటికి రంగునీళ్ళ చుక్కలు విడుస్తాయి, రక్తం కాదు. రెండు మూడు గంటలు ఆరనిచ్చి ఎండ ఉన్నప్పుడు వదిలేస్తే మేత కూడా అక్కర్లేదు. తుపాను ముసురులో చిక్కుకుని ఒక రోజు ఉంచాల్సి వస్తే ఒక చెంచా పంచదారకి తొమ్మిది చెంచాల నీళ్ళు కలిపి దూది తడిపి పెట్టండి. కిట్టులోని ప్లాస్టిక్‌ పువ్వు మీద అవి వాలవు. వదిలేటప్పుడు పొరుగువాళ్ళ నిమ్మతోట వైపు మాత్రం వద్దు, నిమ్మరైతుకి ఇది పక్కా పురుగుతెగులు.

రోగాల్లో భయపడాల్సింది వైరస్‌ రోగం. పురుగు మేత మానేసి పైకెక్కి, తలకిందులుగా జారి, నల్లగా మారి నీళ్ళు కారుతుంది. ఆ కారిన నీళ్ళు అంటుకున్న ఆకు తిన్నది కూడా పోతుంది. అలాంటిది కనిపిస్తే బతికున్నవాటిని విడివిడి డబ్బాల్లోకి మార్చి గూడు ఖాళీ చెయ్యాలి. ఇంట్లో వాడే ద్రవ బ్లీచు ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి గూడు మొత్తం ఇరవై నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా జాడించి, ఎర్రటి ఎండలో ఆరబెట్టండి. రోగం లేకపోయినా ప్రతి విడతకీ ఇది చెయ్యాలి. ఇలా కడిగినప్పుడల్లా తీగ రింగుకి తుప్పు ఎక్కుతుంది. సముద్రపు గాలి తగిలే గోపాలపురం, బరంపురం వైపు ఇంకా తొందరగా. తుప్పుపట్టిన తీగ కొస కుట్టు చించుకుని బయటికి పొడుచుకొస్తుంది, పిల్లల చేతికి గీరుకుంటుంది. కడిగాక రింగుని తలకిందులుగా తగిలించి నీళ్ళు పూర్తిగా కారనిచ్చి, గుడ్డ తొడుగు కొసల్లో ఒకటి రెండు బొట్లు కొబ్బరినూనె పట్టిస్తే ఎక్కువ కాలం వస్తుంది.

ధర సంగతికొస్తే నాలుగైదు వందల్లో దొరికితే సరైన బేరం. కిట్టు పేరుతో దానికి రెట్టింపు పెట్టడం అనవసరం. అంత ఖర్చు వద్దనుకుంటే అన్నం మీద మూతపెట్టే మడత వల గొడుగు ఉంటుంది చూడండి, దాన్ని కుండీ మొక్క మీద బోర్లించి అంచు చుట్టూ ఇసుక మూట పెడితే చివరి దశ పురుగులకి సరిపోతుంది. దాని వలకన్నులు మాత్రం పెద్దవి, ఈగలు ఆగవు. ఎంబ్రాయిడరీ రింగులు రెండు, ఒకటిన్నర మీటరు దోమతెర గుడ్డ తెచ్చి గొట్టంలా కుట్టుకుంటే ఇంకా మంచిది. ఉతకడానికి రింగులు తీసెయ్యొచ్చు, తుప్పు బాధ లేదు. పై మూత జాగాలో గుడ్డని ముడివేసి తాడు కట్టుకుంటే జిప్పే అక్కర్లేదు. కుట్టుమిషను ఉన్న ఇంట్లో ఇదే చెయ్యమంటాను. కుట్టే ఓపిక లేనివాళ్ళు పెద్ద వలగూడు కొనుక్కోవచ్చు.

కొన్నవాళ్ళు పార్శిలు రాగానే పురుగుల కోసం ఆగకుండా విప్పి చూసుకోండి. స్ప్రింగు ఒక్కసారిగా విచ్చుకుంటుంది, మొహానికి దూరంగా పట్టుకోవాలి. జిప్పు పదిసార్లు తీసి వెయ్యండి, పళ్ళు విడిపోతున్నాయేమో, మూల సందు వేలు పట్టేంత ఉందేమో చూడండి. లోపల టార్చి వేసి చీకట్లో పట్టుకుంటే కుట్ల దగ్గర చిరుగులు వెలుగుతాయి. చాలా అంగళ్ళలో వాపసు గడువు వారం, పది రోజులే. నిమ్మచెట్టు చిగురేసి గుడ్డు దొరికి పురుగు నాలుగో దశకి వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది.